రాజ్యం మింగే బిళ్ళలు

చెంప ఛెళ్ళుమంది. రాజ్యం తల వెళ్ళి గోడకు కొట్టుకుంది, పెదవి చిట్లింది. అయినా కంట్లో నీటిచుక్క లేదు.

"ఏడవ్వేంటే?" అని అరిచాడు త్రిమూర్తులు. కూరలో ఉప్పెక్కువైందన్నది వంక మాత్రమే. నాలుగు నెలలుగా పెళ్ళాం ఏ దెబ్బకూ భయపడడం లేదు. అదీ అసలు మంట.

అరబ్బు దేశంలో, సత్వా పేటలోని ఆ ఇంట్లో ఒకే గదికి మధ్యన ప్లైవుడ్ గోడ పెట్టి, రెండు జంటలకు అద్దెకిచ్చారు. శుక్రవారం సెలవు. మగమహారాజులకు చేతులు ఊరికే ఉంటాయా? గోడ అవతల భీమరాజు కూడా టేప్ రికార్డర్ పెద్దగా పెట్టి అదే పనిలో ఉన్నాడు.

"పెళ్ళై మూడేళ్ళయింది, ఇంకా నీళ్ళోసుకోవేమే?"

అతని పెళ్ళాం మాణిక్యం కెవ్వుమంటోంది, కాళ్ళ మీద పడుతోంది, వెక్కి వెక్కి ఏడుస్తోంది. త్రిమూర్తులు అసూయగా విన్నాడు. ఆడదంటే అలా ఉండాలి!

"ఇదంతా ఆ బిళ్ళల మహిమే. మందుల షాపు జిలానీ బాషా చెప్పేడు. అయ్యి మింగితే కొంతమంది ఆడోళ్ళకి గుండె మొద్దుబారిపోద్దంట. ఎంత కష్టమొచ్చినా భయం పుట్టదంట," అన్నాడు పెళ్ళాంతో.

"తెచ్చిందెవరు?" అంది రాజ్యం, పెదవి తుడుచుకుంటూ.

తెచ్చింది త్రిమూర్తులే. రాజ్యం ఓ అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. కడుపొస్తే ఖలాస్, మర్నాడే విమానం ఎక్కిస్తానని ఆ ఇంటి మేడమ్ ముందే చెప్పింది. అందుకే నెలకో అట్ట చొప్పున గర్భం రాని బిళ్ళలు తెచ్చి పెళ్ళాం చేతిలో పెడుతున్నాడు.

"పని పోతే పోనీ. పెళ్ళాం భయపడని కొంపలో నేనుండను!"

తలగడ కింది కొత్త అట్ట లాగాడు. బిళ్ళలన్నీ నేల మీద రాల్చి, చెప్పుకాలితో పొడిపొడిగా నలిపేశాడు.

రాజ్యం ముఖం మొదటిసారి పాలిపోయింది. దాంతో అతనికి హుషారొచ్చింది. జుట్టు పట్టి స్టవ్ పక్కన పడేశాడు. కడుపులో తన్నడానికి కాలెత్తాడు.

ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చడిబండ ఆమె చేతికి తగిలింది. మొదటి దెబ్బ అతని మోకాటిచిప్ప మీద, రెండోది ముంజేతి మీద. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. కుప్పకూలాడు.

"ఆ బిళ్ళలు... నిన్ను రాక్షసిని చేసేసినియ్యే!" అని మూలిగాడు.

రాజ్యం అతని నోటికి బండ అడ్డం పెట్టి, చెవి దగ్గరకు వంగింది.

"ఇప్పుడు చెప్పే మాట గోడ దాటిందా, రెండో చెయ్యి కూడా ఇరుగుద్ది."

గోడ అవతల ఏడుపు ఇంకా ఆగలేదు. రాజ్యం ఎడమచేత్తో పొట్ట నిమురుకుంది.

"నాకు నాలుగో నెల. ఆర్నెల్ల నుంచీ నువ్వు తెచ్చిన బిళ్ళలు అడిగి తీసుకుని మింగేది మాణిక్యం."