తగలని మోచెయ్యి

"చూశావా గోడా! ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తురా! వేసిన ప్రతి బంతీ బుట్టలోనే!" మ్యాచ్ అవగానే అన్నాడు పెద్దాయన.

గుండె ఆపరేషనయ్యాక బాస్కెట్‌బాల్ మానేసిన పెద్దాయన, మళ్లీ జట్టులోకి రావచ్చో లేదో తేల్చుకోవడానికి ఈ ప్రాక్టీసు మ్యాచ్ ఆడాడు. అతన్ని అడ్డుకోవాల్సింది ఎదుటి జట్టులో అందరూ గోడ అని పిలిచే ఆటగాడు. ఏళ్ల తరబడి మోచేత్తో అతని డొక్కలో పొడుస్తూ, తిట్టిపోస్తూ ఆడిన పాత శత్రువు.

"నీ గురి ఎక్కడికీ పోలేదన్నా," అంటూ గోడ నీళ్ల సీసా మూత తీసి మరీ అందించాడు.

పెద్దాయన చెయ్యి సగంలో ఆగింది. "అన్నా ఏంట్రా? ముసలి గాడిదా అని కదా పిలిచేవాడివి?"

గోడ సీసాను పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన బనీను ఎత్తి డొక్కలు చూసుకున్నాడు. ఒకప్పుడు వీడితో ఆడితే వారం దాకా కమిలి ఉండేవి. ఇవాళ చిన్న గీత కూడా లేదు.

"నీ మోచెయ్యి ఒక్కసారైనా తగల్లేదేంట్రా?"

"చెయ్యి రాలేదన్నా. నువ్వు మీదికొచ్చినప్పుడల్లా బనీను మెడ దగ్గర ఆ కుట్లే కనబడ్డాయి."

"మిగతావాళ్లు?"

"అందరం అంతేనన్నా."

పెద్దాయన కూలబడి బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. "పోయేముందు ఒక్కసారి తిట్టరా."

గోడ నోరు తెరిచాడు. తిట్టు రాలేదు.

"మెల్లగా వెళ్లన్నా," అన్నాడు.