మోర్వాల్ వారి బంగారు సంవత్సరం

“ఆ బెల్టు ఊడిపోతుందని మీకు ముందే తెలుసా?”

“తెలుసండి,” అన్నాడు హనుమయ్య.

“నాకు తెలుసు,” అని వసంతకుమారి ఇంగ్లీషులో చెప్పింది.

దుభాషి నియమం అది. సాక్షి “నేను” అంటే తనూ “నేను” అనాలి. “ఆయన ఇలా అంటున్నారు” అనకూడదు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తోంది వసంతకుమారి. విడాకుల కేసులు చూసింది, మోసం కేసులు చూసింది. ఎన్నడూ ఇలా అనిపించలేదు. ఈ రోజు ప్రతి జవాబుకూ నోరు పుక్కిలించుకోవాలనిపిస్తోంది.

అమెరికాలోని ఐసెలిన్ ఊళ్లో ఒక లాయర్ ఆఫీసు అది. కేసు కోర్టులో విచారణకు రాకముందే సాక్షి వాంగ్మూలం ఇక్కడ తీసుకుంటున్నారు. హనుమయ్యకు అరవై ఎనిమిదేళ్లు. మోర్వాల్ అనే ఫ్రెంచి కార్ల కంపెనీకి నాయుడుపేట దగ్గరున్న ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అమెరికాలో అమ్మే మోర్వాల్ కార్లకు సీటు బెల్టులు అక్కడినుంచే వచ్చేవి. రెండేళ్ల క్రితం ఇక్కడి హైవే మీద అలాంటి కారు ఒకటి ఇంకో బండిని గుద్దుకుంది. వెనక సీటు బెల్టు దానంతటదే ఊడింది. నిధి అనే ఐదేళ్ల పాప చనిపోయింది. తల్లి గౌరి కంపెనీ మీద కేసు వేసింది. ఇప్పుడు తన లాయరు పక్కనే కూర్చుని ఉంది. పొద్దుటినుంచి ముసలాయన వైపు కన్నెత్తి చూడలేదు.

చూడకపోవడమే మంచిదనుకుంది వసంతకుమారి.

గౌరి లాయరు ఒక పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. కంపెనీ వాళ్లు తమ చరిత్రను ఏడాదికొక అధ్యాయంగా అచ్చువేసుకున్నారు. నున్నటి కాగితం, నవ్వే మొహాలు. ‘2018: మా బంగారు సంవత్సరం’ అని ఉంది ఆ పేజీలో. అమెరికాలో వాళ్ల కార్లు అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఏడాది అది.

“ఆ ఏడాది మార్చిలో ఏం జరిగింది?”

“ఇరవై బెల్టులు టెస్ట్ చేశాను. మూడు ఊడిపోయాయి.”

“రిపోర్టులో ఏం రాశారు?”

“ఇరవయ్యీ బాగున్నాయని రాశాను.”

“ఎవరైనా బలవంతం చేశారా?”

“లేదండి. బెల్టులు తీసుకెళ్లే ఓడ రేవులో సిద్ధంగా ఉంది, తొందరగా తేల్చమని మేనేజర్ ఫోన్ చేశాడు. అంతే. నేను కాదంటే ఓడ ఆగేది.”

కూరగాయల ధర చెప్పినట్టు చెబుతున్నాడు. “నేను కాదంటే ఓడ ఆగేది” అన్నప్పుడు వసంతకుమారి నాలుక మీద చేదు తగిలింది. మంచినీళ్లు తాగింది. పోలేదు.

“ఆ తర్వాత?”

“ఉత్తమ ఉద్యోగి అని మెడల్ ఇచ్చారు. ప్యారిస్ పంపించారు.”

“అక్కడ ఏం చేశారు?”

“ఈఫిల్ టవర్ చూశాను. ఫొటో దిగాను.”

“నేను ఫొటో దిగాను,” అంది వసంతకుమారి. గౌరి చేతిలో కాగితం రుమాలు ముక్కలు ముక్కలైంది.

బ్రేక్ ఇచ్చారు. హనుమయ్య జేబులోంచి బిస్కెట్లు తీశాడు. ఒక్కొక్కటే నెమ్మదిగా నమిలి తిన్నాడు. గడ్డం మీద పడిన పొడి దులుపుకుని మాత్ర వేసుకున్నాడు. ఆ నమలడం చూడలేక వసంతకుమారి మొహం తిప్పుకుంది. పసిపిల్ల ప్రాణం తీసి, ఈ వయసులో తన ప్రాణాన్ని ఎంత భద్రంగా చూసుకుంటున్నాడు!

“బీపీ మాత్రమ్మా,” అన్నాడాయన. “మధ్యాహ్నం దాకా చెప్పాలి కదా, మధ్యలో పడిపోతే కష్టం. అవునూ, మీది ఏ ఊరు?”

“సారీ అండీ. విట్నెస్‌తో మేం మాట్లాడకూడదు.”

ఆ రూల్ ఉన్నందుకు దేవుడికి థ్యాంక్స్ చెప్పుకుంది. బాత్రూమ్‌కి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఆయన చేతుల్ని ముట్టుకోనేలేదు. అయినా రెండోసారి కడుక్కుంది. వచ్చే ఆదివారం చర్చిలో క్షమాపణ గురించి మాట్లాడమని పాస్టరుగారు అడిగారు. వేరే ఎవరినైనా చూసుకోమని చెబుదామనుకుంది.

బ్రేక్ తర్వాత కంపెనీ లాయర్ వంతు వచ్చింది. ఖరీదైన సూటు వేసుకున్న మనిషి. విసుగ్గా ఉన్నాడు.

“హనుమయ్యగారూ, మా కంపెనీ మీద మీకు కోపమా?”

“లేదండి. నాకు అన్నం పెట్టింది.”

“మీకు మతిమరుపేమైనా ఉందా?”

“లేదండి. ఆ మూడు బెల్టుల నంబర్లు కూడా చెప్పగలను.”

చెప్పాడు. మూడు నంబర్లూ తడుముకోకుండా చెప్పాడు. గౌరి లాయరు తన కాగితాలతో సరిచూసుకుని తలూపింది.

“ఏడేళ్లు నోరు మూసుకున్నారు. ఇక్కడికి రమ్మని మిమ్మల్ని కోర్టు పిలవలేదు. సొంతంగా టికెట్ కొనుక్కుని వచ్చారు. ఈ వాంగ్మూలంతో ఇండియాలో మీ మీదే కేసు పెట్టవచ్చని తెలుసా?”

“తెలుసండి. ఆ లాయరమ్మగారు ముందే చెప్పారు.”

“అయినా వచ్చారు. ఎందుకు? ఎవరు ఏం ఆశ చూపించారు?”

పొద్దుటినుంచి మొదటిసారి హనుమయ్య చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. ఎవరి వైపూ చూడకుండా, ఒకే ఒక్క వాక్యం చెప్పాడు.

వసంతకుమారి తల తిప్పి గౌరి వైపు చూసింది.

గౌరి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్,” అన్నాడు కంపెనీ లాయర్.

వసంతకుమారి ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పింది.

“‘పాప కోసం కారు కొంటున్నాం నాన్నా, మోర్వాల్ అయితే బెల్టులన్నీ మీరు చూసి పంపినవే కదా’ అని మా అమ్మాయి గౌరి ఫోన్ చేసినప్పుడు, ధైర్యంగా కొనుక్కోమన్నది నేనే.”