అరువిచ్చిన గొంతు

పరుపుల ప్రకటన తెల్లారేసరికి పంపాలి. రాసేది ఆమే, గొంతూ ఆమెదే. పోయిన వారమే కంప్యూటర్‌కి తన గొంతు నేర్పించింది. ఇక ఏం టైపు చేసినా అది అచ్చం ఆమెలాగే పలుకుతుంది. ఆఫీసులో మిగతావాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారు.

"హాయిగా నిద్రపో" అని టైపు చేసి మీట నొక్కింది.

"హాయిగా నిద్రపో, చిట్టెలుకా" అంది స్పీకర్.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. చిట్టెలుక ఆమె కూతురి ముద్దుపేరు. ఇంట్లో తప్ప ఎక్కడా ఆ పేరు పలకదు. మళ్లీ నొక్కింది. ఈసారి స్పీకర్ ఉలకలేదు, పలకలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఇంటికి ఫోన్ చేసింది.

"మళ్లీ ఎందుకు చేశావ్?" భర్త గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు ఫోన్‌లో జోలపాట పాడాకే కదా, పాప పడుకుంది."

"నేను చెయ్యలేదండీ."

"భలేదానివే. తాళంచెవి మర్చిపోయా అన్నావని గడియ కూడా తీసి ఉంచాను."

"గడియ వెయ్యండి. ముందు వెళ్లి వెయ్యండి."

అవతల తలుపు కిర్రుమంది.

"అదేంటి, నువ్వు..." అంటూ ఆగిపోయాడు భర్త.

ఫోన్‌కి కాస్త దూరంగా, ఆమె గొంతే మెత్తగా అడిగింది: "పాప పడుకుందా?"