నాలుగో చీల

"ఈ బ్రిడ్జికి నిప్పంటదు దొరా. మూడు రోజులుగా వానలో నానిన దుంగలు."

చెప్పిందెవరా అని కెప్టెన్ ఎల్డ్రిడ్జ్ వెనక్కి తిరిగాడు.

చిత్తడి పొదల్లోంచి ఒక నల్లమనిషి వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ఒంటిమీద గోనెగుడ్డ చొక్కా, కాళ్లకి జోళ్లు లేవు.

తుపాకులన్నీ అతని వైపు తిరిగాయి.

బానిసత్వం మీద అమెరికా రెండుగా చీలి కొట్టుకుంటున్న యుద్ధంలో ఎల్డ్రిడ్జ్ ఉత్తరాది సైన్యం మనిషి. నలభైమంది రౌతులతో మిసిసిపీలో శత్రువు నట్టింట్లోకి చొరబడ్డాడు. వచ్చిన పని ఒక్కటే. నది ఒడ్డు కోటలో ఉన్న దక్షిణాది సైన్యానికి మందుగుండూ మొక్కజొన్నలూ ఈ రైలు బ్రిడ్జి మీదుగానే వెళ్తున్నాయి. నాలుగింటి బండి వచ్చేలోగా అది కూలిపోవాలి.

శత్రువు గుర్రాలు అవతలిగట్టు అడవుల్లో వాళ్లని గాలిస్తున్నాయి. మహా అయితే గంట దూరం.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు సార్జెంట్ హిగ్బీ.

"జూబల్ అంటారు. మూడో కంబం కింద, నీళ్ల దగ్గర, నాలుగు కొయ్య చీలలున్నాయి. అవి ఊడగొడితే చాలు. బండి బరువుకి అదే పడిపోద్ది."

"నీకెలా తెలుసు?" అన్నాడు ఎల్డ్రిడ్జ్.

"ఇక్కడ పనిచేశాను దొరా."

ఎల్డ్రిడ్జ్ బ్రిడ్జి కాపలా ముసలాడి వైపు చూశాడు. ఇందాకే పట్టుకుని చెట్టుకి కట్టేశారు వాణ్ణి. అయినా అత్తారింటికొచ్చినట్టు తీరిగ్గా పొగాకు నములుతున్నాడు.

"నిజమేనా తాతా?"

"ఆఁ, దుంగలు మోశాడు." ముసలాడు తుపుక్కున ఉమ్మేశాడు. "వీళ్లందరూ మోశారు."

జూబల్ అతనికేసి ఒక్క చూపు చూశాడు.

"మోశాను కూడా," అన్నాడు.

హిగ్బీ కెప్టెన్ చెవి దగ్గరికి వంగాడు. "మొన్న దారి చూపిస్తానన్నవాడు కూడా ఇలాగే పొదల్లోంచి వచ్చాడు సార్. నేరుగా శత్రువు తుపాకుల ముందుకి తీసుకెళ్లాడు. ఆరుగురిని పోగొట్టుకున్నాం. వీడు మనల్ని వాగులోకి దింపి, పైనుంచి కాల్పిస్తాడు."

ఆరు మొహాలూ ఎల్డ్రిడ్జ్ కళ్లముందు మెదిలాయి.

"మాకెందుకు సాయం చేస్తున్నావు?"

"నా కొడుకుని అమ్ముకోడానికి ఈ బ్రిడ్జి మీదుగానే తీసుకుపోయారు దొరా. పదకొండేళ్లు వాడికి. పశువుల పెట్టెలో ఎక్కించారు. బండి మలుపు తిరిగేదాకా 'నాన్నా' అని వాడి కేక వినిపిస్తానే ఉంది."

రెండు మూడు తుపాకులు కిందికి దిగాయి. అలాగని ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

"ఒక్క సుత్తి ఇప్పించండి. మీరెవరూ దిగొద్దు, నేనే దిగుతాను."

"వీణ్ణి పక్కన కూర్చోబెట్టండి," అన్నాడు ఎల్డ్రిడ్జ్. "తారు పోసి అంటించండి."

తారు భగ్గుమంది. దుంగలు చుయ్‌మన్నాయి. మంట చచ్చిపోయి పొగ మిగిలింది. నల్లటి చిక్కటి పొగ, పది మైళ్ల దూరానికి కనిపించేలా నిట్టనిలువుగా లేచింది.

మళ్లీ పోశారు. మళ్లీ పొగే.

"దివ్యంగా ఉంది కెప్టెన్ గారూ," అని ముసలాడు నవ్వాడు. "మావాళ్లు ఇక దారి తప్పరు."

గుర్రాలు చెవులు రిక్కించాయి. అవతలిగట్టు అడవిలో తుపాకి పేలింది. ఇంకో పక్క నుంచి, సన్నగా, బండి కూత.

"గుర్రాలెక్కండి!"

ఆ హడావిడిలో జూబల్ లేచాడు. నేలమీది సుత్తి అందుకుని వాగులోకి దూకాడు.

"పారిపోతున్నాడు సార్! వాళ్లలో కలిసిపోతున్నాడు!" అని హిగ్బీ అరిచాడు.

బ్రిడ్జి కింద చప్పుడు మొదలైంది. ఠక్. ఠక్. ఠక్.

"వాళ్లకి సైగలు చేస్తున్నాడు! మనమెక్కడున్నామో చెప్పేస్తున్నాడు!"

ఎల్డ్రిడ్జ్ తుపాకి ఎత్తాడు. బ్రిడ్జి కిందికి గురిపెట్టి పేల్చాడు.

చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి వాగు నీళ్లలో కొయ్య చీలలు తేలుతూ వచ్చాయి. ఒకటి. రెండు. మూడు.

నాలుగోది రాలేదు.

బండి బ్రిడ్జి మీదికొచ్చింది. దుంగలు మూలిగాయి. మూడో కంబం జానెడు పక్కకి ఒరిగింది. ఒరిగి, అలాగే నిలబడింది. మందుగుండుతో బండి దాటిపోయింది.

ముసలాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అంతసేపూ బిగబట్టిన ఊపిరి ఇప్పుడు వదిలాడు.

ఎల్డ్రిడ్జ్ గుర్రమ్మీంచి వంగి వాడి కాలరు పట్టుకున్నాడు.

"ఎవరతను?"

ముసలాడు వాగులోకి చూశాడు.

"ఇంకా దాచడమెందుకులెండి. ఈ బ్రిడ్జిని నక్షాలో మొదటి గీత నుంచి ఆఖరి చీల దాకా కట్టింది అతనే."