కంబళి కింద

పుట్టింట్లో తల్లి పోయిన సంతాప దినాలు ముగించుకుని తమాదుర్ ఒకరోజు ముందే షెందీలోని తన ఇంటికి చేరింది. వీధంతా కరెంటు పోయింది. నైలు వైపు నుంచి గాలి కూడా లేదు.

వాకిట్లోకి రాగానే తల్హ్ అనే తుమ్మ జాతి కట్టె పొగ వాసన తగిలింది. మూలనున్న పొగగుంటలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. ఆ గుంట మీద పీట వేసుకుని, కంబళి కప్పుకుని ఒంటికి పొగ పట్టించుకునేది పెళ్లయిన ఆడది, అదీ మొగుడి కోసం. తల్లి పోయినప్పటి నుంచి తమాదుర్ దాని జోలికే పోలేదు.

పీట మీది కంబళిని తాకింది. చెమటతో తడిగా, ఇంకా వెచ్చగా ఉంది.

అదే పీట మీద కూలబడి, ఏడుపు బయటికి వినబడకుండా కంబళిని తల మీదుగా కప్పుకుంది.

గది తలుపు కిర్రుమంది. చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? మాడి బొగ్గయిపోతావే పిల్లా!"

ఆమె భర్త బాబికర్. ఇన్నేళ్ల కాపురంలో తమాదుర్‌తో ఎన్నడూ అంత ముద్దుగా మాట్లాడలేదు.

"భయపడకు. ఆవిడ రేపు గానీ రాదు. రాగానే తలాక్ చెప్పేస్తా, సరేనా?"

తమాదుర్ ఊపిరి బిగబట్టింది. అతని చెయ్యి కంబళి మీద, సరిగ్గా ఆమె తల మీద పడింది.

అప్పుడు వంటింట్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎవరితోనయ్యా ఆ మాటలు? నేనిక్కడ మంచినీళ్లు తాగుతుంటే!"

తల మీది చెయ్యి చప్పున వెనక్కి పోయింది. తమాదుర్ కదల్లేదు.