రాజుగారి టోపీ

రాజుగారి టోపీలో పిల్లి పిల్లల్ని పెట్టింది.

తప్పు గైడమ్మదే. నిన్న దుమ్ము దులపడానికి అద్దాల పెట్టెలోంచి తీసి, స్టూలు మీద పెట్టి, మరిచిపోయి ఇంటికి వెళ్ళింది. పొద్దున మ్యూజియం తలుపు తీసేసరికి తల్లిపిల్లి టోపీ అస్తరంతా పీకి, మెత్తగా పక్క పరుచుకుని, మహారాణిలా పడుకుని ఉంది.

అల్లాటప్పా టోపీ కాదది. దేశానికి జెండా కావలసి వచ్చినప్పుడు పెద్దలంతా దాని ముందు నిలబడి, అందులోని రంగులే జెండాకు ఎక్కించారు. ఇంకాసేపట్లో శాఖ పెద్దమేడమ్ తనిఖీకి వస్తోంది. సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. మ్యూజియం వెనక ఇచ్చిన రెండు గదుల ఇల్లూ పోతుంది.

గైడమ్మ ఇంటికి పరుగెత్తింది. మొగుడు సర్కారు బ్యాండులో బాకా ఊదుతాడు. ఆ బ్యాండు టోపీలూ జెండా రంగుల్లోనే ఉంటాయి.

"ఏమండీ, మీ టోపీ ఇలా ఇవ్వండి."

"పెద్దమేడమ్‌కి స్వాగతం వాయించాలే! నేనేం పెట్టుకోను, వంటగిన్నా?"

"తలున్నందుకు సంతోషించండి. ముందివ్వండి!"

కుచ్చు కోసేసింది. టీ నీళ్ళు చల్లింది. బూడిద రుద్దింది. కిందేసి కసిదీరా తొక్కింది. నిన్న కొన్నట్టున్న టోపీ క్షణాల్లో ఏడు తరాల ముసలిదైపోయి, అద్దాల పెట్టెలోకి ఎక్కింది.

పెద్దమేడమ్ రానే వచ్చింది. తల నెరిసిన మనిషి, మాట తక్కువ. సరిగ్గా టోపీ దగ్గరే ఆగింది. గైడమ్మ గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"ఎరుపు, వీరుల రక్తం మేడమ్. పసుపు, పండిన పైరు. నీలం... నీలం..."

"శత్రువు దాటలేని సముద్రం," పెద్దమేడమ్ అందించింది.

అమ్మో, ఈవిడ అంతా చదువుకునే వచ్చింది!

"రాజుగారు ఆఖరి యుద్ధంలో పెట్టుకున్నది ఇదే మేడమ్. ఆ అంచు నలిగిందే, అది గుర్రం తొక్కిన గుర్తు."

"గుర్రం తొక్కితే ఇంకేముంది!" అంటూ పెద్దమేడమ్ కిటికీలోంచి చూసింది. బయట జెండా ఎగురుతోంది. దాని కింద బ్యాండు మోగుతోంది. అందరి తలల మీదా టోపీలున్నాయి, బాకా ఊదే అతని తల మీద తప్ప.

పెద్దమేడమ్ అతన్ని చూసింది. టోపీని చూసింది. గైడమ్మను చూసింది.

"నిజం చెప్పు అమ్మాయ్. అసలుదేమైంది?"

"పిల్లి మేడమ్... అందులో పిల్లల్ని పెట్టింది..." గైడమ్మ బావురుమంది. "మా పొట్ట కొట్టకండి మేడమ్!"

పెద్దమేడమ్ తలుపు దగ్గరగా వేసి, గైడమ్మ చెవి దగ్గర వంగి గుసగుసగా అంది:

"ఊరుకో పిచ్చిదానా, నేనిక్కడ గైడుగా ఉన్న రోజుల్లో రాజుగారి టోపీని ఎలుకలు కొరికేస్తే, జెండా పెద్దలు చూడ్డానికొచ్చే వేళకి నేనా పెట్టెలో పెట్టింది సర్కసులో మా ఆయన వేసుకునే జోకరు టోపీ!"