పుస్తకంలో లేని మనిషి

"శవాన్ని లోపలికి తేవద్దప్పా," అన్నాడు దాసు మేస్టారు, చర్చి గేటుకి రెండు చేతులూ అడ్డం పెట్టి.

మంగాయమ్మ ట్రాలీ ఆటో ఆపించి దిగింది. ఆటోలో దుప్పటి కింద సంచులమ్మ ఉంది. ఆవిడ అసలు పేరు చోడవరంలో ఎవరికీ తెలియదు. బస్టాండు దగ్గర, మంగాయమ్మ ఇడ్లీ బండి పక్కన పడుకునేది. నాలుగు ప్లాస్టిక్ సంచులు ఎప్పుడూ ఒళ్లో పెట్టుకునేది కాబట్టి అందరికీ సంచులమ్మ అయింది. తెల్లారి చూస్తే ప్రాణం లేదు. పోలీసులు వచ్చి కాగితం రాసుకున్నారు. ఎవరూ లేని మనిషి గనక, పాతిపెట్టే వాళ్లుంటే తీసుకెళ్లమన్నారు, లేకపోతే పంచాయతీ చూసుకుంటుందన్నారు. మంగాయమ్మ తీసుకొచ్చేసింది. అంతే మరి, ఎవరినీ అడగలేదు.

"మన సమాధుల తోట ఎంత జాగానో నీకు తెలీదేటి?" అన్నాడు దాసు. ఆయన సంఘపెద్ద, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మంగాయమ్మని అక్క వరసన అప్పా అని పిలుస్తాడు. "సంఘం పుస్తకంలో పేరున్నోళ్లకే చోటు. పేరుకో గొయ్యి. మీ ఆయన్ని పెట్టినప్పుడూ పుస్తకం చూసే కదా పెట్టేం. మొన్న బుచ్చయ్యపేట నుంచి మా సొంత బావమరిదిని తెస్తేనే ఎనక్కి పంపేను."

"పంపేవు బాబూ. నీ వోళ్లని కూడా నువ్వు వదలవు."

"మరింకేటి? అసలిది మన మతమో కాదో. బొట్టు పెట్టుకునేదేమో."

"పెట్టుకోడానికి దానికి అద్దం ఉందేటి?"

ఆటో తోలే సత్యారావు నవ్వు దాచుకోవడానికి తల పక్కకి తిప్పుకున్నాడు.

మాటలు విని పాస్టరు దిలీప్ బయటకొచ్చాడు. కుర్రవాడు, ఆ చర్చికి వచ్చి ఆర్నెల్లు కాలేదు. "మేస్టారూ, ఈ ఒక్కసారికి..." అని నసిగాడు.

"ఒక్కసారంటే రేపు బస్టాండంతా ఇక్కడికే వస్తాది పాస్టరు గారూ. మన పిల్లలకి జాగా ఉండాలా, వద్దా?" అని దాసు మంగాయమ్మ వైపు తిరిగాడు. "పంచాయతీ వోళ్లేటి, మట్టి ఎయ్యరా?"

"ఏస్తారు, కాదనను. నిన్న సాయంత్రం గంజి తాగినాక నా చెయ్యి పట్టుకుంది బాబూ. 'నాకు తెలిసిన మొకం నీదొక్కటే, నన్ను తెలీనోళ్ల చేతికి ఒగ్గీకు' అంది. ఒగ్గను, నానే మట్టేస్తానన్నాను."

"మాటిచ్చే ముందు పుస్తకం చూసుకోవాలప్పా."

"నాకు సదువేది బాబూ, చూసుకోడానికి?"

ఎండ ముదురుతోంది. దాసు గేటు వదల్లేదు. మంగాయమ్మ ఆటో దగ్గరికెళ్లి జారిన దుప్పటి సర్ది వచ్చింది.

"సరే. పుస్తకంలో ఉన్న పేరు శిలువ మీద రాయిస్తాను. అప్పుడిస్తావా గొయ్యి?"

"ఉన్న పేరయితే ఎందుకివ్వను? దీని పేరు తెలిసిందేటి నీకు?"

"నువ్వు గొయ్యి తవ్వించు ముందు."

మంగాయమ్మ సత్యారావు చెవిలో ఏదో చెప్పి వడ్రంగి దగ్గరికి పంపింది.

దాసు పుస్తకం తెరిచాడు. కొట్టెయ్యకుండా మిగిలిపోయిన పాత పేర్లు చాలా ఉన్నాయి. చీడికాడ వైపు కాపురానికి వెళ్లి మళ్లీ కనబడని ఆడపిల్లలు, మొగుడు వదిలేస్తే ఎటుపోయారో తెలియని వాళ్లు. వాళ్లలో ఒకతె అయి ఉంటుందనుకున్నాడు. అలా అనుకున్నాక ఆయన కుదురుగా నిలబడలేకపోయాడు. మన మనిషేనా ఇన్నాళ్లూ బస్టాండులో పడుకుంది, తను రోజూ పక్కనుంచే పాల ప్యాకెట్టు పట్టుకుని వెళ్లాడే. పార ఆయనే తెచ్చాడు. తవ్వే వాళ్లతో పాటు తనూ గోతిలోకి దిగాడు.

ఇవతల బోరు దగ్గర చీర అడ్డం కట్టి మంగాయమ్మ శవానికి స్నానం చేయించింది. మట్టి పట్టిన జడలు విడదీసి దువ్వింది. తన తెల్ల చీర కట్టింది. సత్యారావు వడ్రంగికి పని చెప్పి తిరిగొచ్చేసరికి పసుపు కావాలని కేకేసింది.

"పోయిన మనిషికి పసుపెందుకే మామ్మా?" అన్నాడు వాడు, చీర ఇవతల నుంచి పొట్లం అందిస్తూ.

"కాళ్ల నిండా పుళ్లు రా. బతికుండగా రాస్తానంటే సిగ్గుపడి కాళ్లు ముడుచుకునేది. ఇప్పుడు ఊరుకుంది."

వాసనకి దూరంగా నిలబడ్డ పాస్టరు ఆ మాట విని చొక్కా చేతులు మడిచి వచ్చాడు. శవాన్ని ఒక వైపు ఆయనే ఎత్తాడు. నాలుగు సంచులూ పక్కనే పెట్టారు.

"పేరు చెప్పండమ్మా, ప్రార్థనలో చదవాలి," అన్నాడాయన గోతి దగ్గర.

"దేవుడికి తెలుసు. మీరు కానివ్వండి బాబూ."

ప్రార్థన అయింది. మొదటి గుప్పెడు మట్టి దాసే వేశాడు. "మనది మనం గుర్తుపట్టలేకపోయేం," అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

గొయ్యి పూడ్చాక సత్యారావు వడ్రంగి దగ్గర నుంచి చెక్క శిలువ తెచ్చాడు. రంగు ఇంకా తడిగానే ఉంది. దాసు అది తనే పాతి, ఎవరి పిల్లో చూద్దామని కళ్లజోడు పెట్టుకుని వంగాడు. ఒకసారి చదివాడు. వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"అప్పా, ఇది నీ పేరు."

"పుస్తకంలో ఉన్నదే కదా బాబూ."

"మరి రేపు నువ్వు పోతే? మీ ఆయన ఇక్కడే ఉన్నాడు కదా."

మంగాయమ్మ చేతుల మట్టి దులుపుకుంది.

"పుస్తకంలో నా పేరు కొట్టీ బాబూ. నాను పోయిన రోజున పంచాయతీ వోళ్లకి కబురెట్టు."